సోలార్ మోటారుతో చిన్న పొలానికి నీళ్లు: బోరు కొలత మొదలు మొదటి తడి దాకా

“మా పొలానికి ఎన్ని హెచ్‌పీల సోలార్ మోటారు సరిపోతుంది?” అన్న ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. పొలం విస్తీర్ణం ఒక్కటే చెప్పి ఈ ప్రశ్న అడిగితే సరైన జవాబు ఎవరూ ఇవ్వలేరు. ఇచ్చినవారు ఊహించి చెప్పినట్టే. హెచ్‌పీ అనేది లెక్క చివర తేలే అంకె. అంతకుముందు మూడు సంగతులు తెలియాలి: బోరు లేదా బావి గంటకు ఎంత నీరు ఇవ్వగలదు, పైరుకు రోజుకు ఎంత నీరు కావాలి, ఆ నీటిని మొత్తం ఎంత ఎత్తుకు ఎక్కించాలి. ఈ మూడూ మీరే కొలుచుకోవచ్చు. ఆ కొలతలతో మొదలుపెట్టి, ప్యానెళ్లు బిగించి, మొదటి తడి పారించి, వచ్చిన నీరు లెక్కకు సరిపోయిందో లేదో చూసుకునే వరకు చేయవలసిన పనులను ఇక్కడ వరుసగా రాస్తున్నాను. అంకెలన్నీ ఒక ఎకరం కూరగాయల పొలాన్ని దృష్టిలో పెట్టుకుని ఇచ్చినవి. మీ కొలతలు వేరైనా పద్ధతి ఇదే.

కావలసినవి

కొలతలకు: బోరు లోతుకు సరిపడే పొడవున్న కొలతాడు, దాని చివర కట్టడానికి చిన్న బరువు, 200 లీటర్ల డ్రమ్ము, గడియారం, డీసీ ఓల్టేజీని చూపించే మల్టీమీటరు, వీలైతే డీసీ కరెంటును కొలిచే క్లాంప్ మీటరు, ఒక నోటు పుస్తకం. ఈ పుస్తకాన్ని తేలికగా తీసుకోకండి; ఏడాది తరువాత నీళ్లు తగ్గినప్పుడు తప్పు ప్యానెళ్లలో ఉందా, మోటారులో ఉందా, బోరులోనే ఉందా అన్నది అందులోని పాత అంకెలే చెబుతాయి.

సామానుకు: సోలార్ ప్యానెళ్లు, వాటిని నిలబెట్టే ఇనుప స్టాండు, పంపుతో కూడిన మోటారు, ప్యానెళ్ల కరెంటును మోటారుకు తగినట్టు మార్చి ఇచ్చే కంట్రోలర్, డీసీకి తగిన బ్రేకరు, ఓల్టేజీ ఒక్కసారిగా ఎగిసినప్పుడు కాపాడే సర్జ్ రక్షణ పరికరం, ఎర్తింగ్ కడ్డీ, తీగ, తగిన మందమున్న రాగి కేబుల్, డెలివరీ పైపు, నీరు వెనక్కి జారకుండా ఆపే నాన్‌రిటర్న్ వాల్వు, మోటారును వేలాడదీసే తాడు, నీరు నిల్వ చేసే తొట్టి, దానికి ఫ్లోట్ స్విచ్చి, డ్రిప్ వాడేవారికి ఫిల్టరు. బ్యాటరీ ఈ జాబితాలో లేదు. పైరుకు రాత్రి పూట కరెంటుతో పని లేదు, నీటితోనే పని. కాబట్టి పగలు తోడిన నీటిని తొట్టిలో నింపి ఉంచుకోవడం బ్యాటరీలో కరెంటు దాచుకోవడం కన్నా సులభం, మన్నిక ఎక్కువ.

1. బోరు ఊట కొలవండి

ఈ కొలత తప్పకుండా ఏడాదిలో నీరు బాగా అడుగంటే రోజుల్లోనే తీయాలి. వానలు పడ్డ తరువాత కొలిచిన ఊటను నమ్మి మోటారు కొంటే, సరిగ్గా పైరుకు నీళ్లు కావలసిన ఎండాకాలంలో బోరు గాలి పడుతుంది.

మొదట మోటారు నడవకుండా రాత్రంతా వదిలేసి, తెల్లవారుజామున బరువు కట్టిన తాడును దించి నీటిమట్టం ఎంత లోతులో ఉందో రాసుకోండి. ఇది నిలకడ మట్టం. తరువాత అద్దెకు తెచ్చిన మోటారుతోనో, ఉన్న మోటారుతోనో కనీసం నాలుగు గంటలు ఆపకుండా తోడుతూ, ప్రతి అరగంటకు ఒకసారి మట్టాన్ని, 200 లీటర్ల డ్రమ్ము నిండడానికి పట్టిన సమయాన్ని రాయండి. మట్టం మొదట గబగబా దిగుతుంది, ఆ తరువాత నెమ్మదిస్తుంది. వరుసగా ఒక గంటసేపు కదలకుండా నిలిచిన చోటే పారుడు మట్టం. ఆ సమయంలో వస్తున్న నీరే బోరు ఇవ్వగల నీరు. మట్టం ఎంతకీ నిలవకుండా దిగుతూనే ఉంటే వాల్వును కొంచెం మూసి, నీటిని తగ్గించి, నిలిచేదాకా మళ్లీ చూడాలి. సన్నటి బోరులో మోటారు వైర్లకు తాడు చుట్టుకునే ప్రమాదం ఉంది కనుక, అలాంటిచోట మోటారు దించేటప్పుడే పక్కన ఒక సన్నని ప్లాస్టిక్ గొట్టం దించి, తాడును అందులోంచి వదలండి.

డ్రమ్ము 160 సెకన్లలో నిండితే సెకనుకు 1.25 లీటర్లు, అంటే గంటకు 4,500 లీటర్లు వస్తున్నట్టు. ఇప్పుడు మన లెక్కకు గంటకు 5,000 లీటర్ల ఊట, 28 మీటర్ల పారుడు మట్టం ఉన్న బోరు ఉందనుకుందాం.

2. పైరుకు రోజుకు ఎంత నీరు కావాలో తేల్చండి

ఒక ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు మందాన నీరు నిలిస్తే అది దాదాపు 4,000 లీటర్లు. ఎండలు ముదిరిన రోజుల్లో, ఆకు కమ్ముకున్న కూరగాయల తోట రోజుకు 5 మిల్లీమీటర్ల వరకు నీరు తాగుతుందని లెక్కిస్తే ఎకరానికి 20,000 లీటర్లు. గాలి, వేడి ఎక్కువగా ఉన్న పొడి ప్రాంతాల్లో ఇది ఇంకా పెరుగుతుంది. మీ పైరుకూ మీ వాతావరణానికీ సరిపడే అంకె కావాలంటే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఉచితంగా ఇచ్చే క్రాప్‌వాట్ అనే కంప్యూటర్ లెక్కల సాధనాన్ని వాడవచ్చు.

ఇందులో దారిలో పోయే నీరు కలపాలి. డ్రిప్‌లో పదో వంతు పోతుందనుకుంటే 22,000 లీటర్లు తోడాలి. అదే మట్టి కాలువల్లో పారిస్తే పదింటిలో నాలుగు వంతులు ఇంకిపోవడం మామూలే కనుక 33,000 లీటర్లు దాటుతుంది. అంటే పారించే పద్ధతి మార్చకుండా సోలార్‌కు వెళితే మూడో వంతు ప్యానెళ్లను కాలువ గట్లను తడపడానికే కొన్నట్టవుతుంది. డబ్బు ఒకదానికే సరిపోతుందంటే ముందు డ్రిప్ వేయించి, ప్యానెళ్లు తరువాత కొనండి అనే నేను చెబుతాను.

3. మొత్తం ఎత్తు లెక్కించండి

ఎత్తు అంటే బోరు లోతు కాదు. 90 మీటర్ల బోరులో నీరు 28 మీటర్ల దగ్గర నిలిస్తే మోటారు మోయవలసింది 28 మీటర్ల నుంచే. బోరు మొత్తం లోతును ఎత్తుగా చూపించి మోటారు కొనడం చాలామంది చేసే పొరపాటు. దానివల్ల అవసరానికి రెండు మూడింతల మోటారు వచ్చి పడుతుంది. కలపవలసినవి ఇవి: పారుడు మట్టం 28 మీటర్లు, బోరు దగ్గరి నేలకూ తొట్టి కట్టే నేలకూ మధ్య ఎగుడు 1 మీటరు, తొట్టి అంచు ఎత్తు 3 మీటర్లు, పైపులో రాపిడి వల్ల పోయేది 3 మీటర్లు. మొత్తం 35 మీటర్లు.

రాపిడి లెక్కను వదిలేయకండి. సెకనుకు 1.2 లీటర్ల నీరు నున్నటి ప్లాస్టిక్ పైపులో 100 మీటర్లు ప్రయాణిస్తే, లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు ఒక మీటరు ఎత్తు కూడా పోదు. 40 మిల్లీమీటర్లయితే రెండున్నర మీటర్లు పోతుంది. 32 మిల్లీమీటర్లకు దిగితే ఏడున్నర మీటర్లు. పైపు దగ్గర మిగుల్చుకున్న డబ్బును ఆ తరువాత ప్యానెళ్ల రూపంలో కట్టవలసి వస్తుంది. ఒక్కసారిగా మలుపు తిప్పే ఎల్బోల బదులు వీలైనచోట నెమ్మదిగా వంగే బెండ్లు వాడండి.

4. ప్యానెళ్ల లెక్క వేయండి

ఘనమీటరు, అంటే 1,000 లీటర్ల నీటిని ఒక మీటరు పైకెత్తడానికి 2.725 వాట్ గంటల శక్తి కావాలి. ఇది ఎక్కడైనా మారని అంకె. మన లెక్కలో 22 ఘనమీటర్లు, 35 మీటర్లు:

22 × 35 × 2.725 = సుమారు 2,100 వాట్ గంటలు.

పంపూ మోటారూ కలిసి తీసుకున్న కరెంటులో 40 శాతాన్నే నీటిని ఎత్తే పనికి మలుస్తాయనుకుందాం. చిన్న పంపులకు ఇది సహేతుకమైన అంకె. 2,100ను 0.40తో భాగిస్తే 5,250 వాట్ గంటలు.

ఇక ఎండ. చదరపు మీటరుకు 1,000 వాట్ల చొప్పున గంటసేపు కాసిన ఎండను ఒక నిండు ఎండ గంట అంటారు. ఉదయం నుంచి సాయంత్రం దాకా పడిన ఎండనంతా కుదిస్తే అలాంటివి ఎన్ని గంటలు వస్తాయో గ్లోబల్ సోలార్ అట్లాస్ వంటి ఉచిత పటాల్లో మీ ప్రాంతాన్ని నొక్కి నెలవారీగా చూడవచ్చు. ఏడాది సగటు తీసుకోకండి. పైరు పొలంలో ఉండే నెలల్లో నీటి అవసరంతో పోలిస్తే ఎండ ఏ నెలలో తక్కువో ఆ నెల అంకెనే తీసుకోండి. ఇక్కడ 5 గంటలు అనుకుంటే 5,250ను 5తో భాగించగా 1,050 వాట్లు.

ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల వేడి దగ్గర కొలిచినవి. ఎండలో ప్యానెల్ 60 డిగ్రీలు దాటడం మామూలే, పైగా ప్రతి డిగ్రీకి సుమారు 0.35 నుంచి 0.4 శాతం శక్తి పడిపోతుంది. దుమ్ము, వైర్లలో పోయేది కూడా కలిపి పావు వంతు తగ్గుతుందనుకోండి. 1,050ని 0.75తో భాగిస్తే 1,400 వాట్లు. అంటే 350 వాట్ల ప్యానెళ్లు నాలుగు.

ఇప్పుడు హెచ్‌పీ సంగతి. నిండు ఎండలో గంటకు 22,000 ÷ 5 = 4,400 లీటర్లు రావాలి; ఇది బోరు ఇచ్చే 5,000 లీటర్ల కన్నా తక్కువే కనుక బోరు తట్టుకుంటుంది. ఆ పనికి మోటారు తీసుకునే కరెంటు సుమారు 1,050 వాట్లు. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు, మోటారులో పోయేది పోగా మిగిలేది దాదాపు అంతే. కాబట్టి ఈ ఎకరానికి 1 హెచ్‌పీ చాలు. “ఎందుకైనా మంచిది” అని 5 హెచ్‌పీ దించితే ఈ బోరు నిమిషాల్లో ఖాళీ అవుతుంది, మోటారు ఆగుతూ లేస్తూ రోజు గడుపుతుంది. పైన కొలిచిన ఊట రోజువారీ అవసరానికి చాలకపోతే పెద్ద మోటారు ఆ లోటును తీర్చదు. విస్తీర్ణమైనా తగ్గించాలి, తక్కువ నీటి పైరైనా వేయాలి.

5. పంపు రకం ఎంచుకోండి

నీరు నేలకు ఆరేడు మీటర్ల లోపే ఉంటే, అంటే కాలువ, కుంట, లోతు తక్కువ బావి అయితే ఒడ్డున పెట్టే పంపు చాలు. గాలి పీడనం నీటిని సిద్ధాంతరీత్యా 10.3 మీటర్లే ఎత్తగలదు, అదీ సముద్రమట్టం దగ్గర. వాస్తవంలో ఆరేడు మీటర్లు దాటితే పంపు నీటిని లాగలేదు. అంతకన్నా లోతుంటే సబ్‌మెర్సిబుల్ మోటారే దించాలి.

సబ్‌మెర్సిబుల్‌లో రెండు రకాలు. వరుస చక్రాలతో తిరిగే సెంట్రిఫ్యూగల్ పంపు ఎక్కువ నీటికి మంచిది. మరలాంటి కడ్డీ రబ్బరు గొట్టంలో తిరిగే స్క్రూ పంపు తక్కువ నీటిని ఎక్కువ లోతు నుంచి ఎత్తడానికి మంచిది, ఎండ మందంగా ఉన్నప్పుడు కూడా కొంచెం కొంచెంగా పోస్తూనే ఉంటుంది. సెంట్రిఫ్యూగల్ పంపు అలా కాదు. వేగం తగ్గితే అది ఎత్తగల ఎత్తు వేగం వర్గానికి అనుగుణంగా పడిపోతుంది: పూర్తి వేగంలో 60 మీటర్ల దాకా నెట్టే పంపు 70 శాతం వేగంలో 29 మీటర్లకు మించి నెట్టలేదు. పొద్దున్నే మోటారు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తున్నా పైపులో చుక్క రాకపోవడానికి కారణం ఇదే. అది జబ్బు కాదు, ఎండ ఎక్కాక సర్దుకుంటుంది.

ఇప్పటికే త్రీఫేజు మోటారు ఉన్నవారు దాన్ని మార్చకుండా సోలార్ డ్రైవ్ కంట్రోలర్‌తో నడపవచ్చు. అయితే 415 ఓల్టుల మోటారుకు ప్యానెళ్ల వైపు 550 నుంచి 600 ఓల్టుల డీసీ కావలసి ఉంటుంది, అది ప్రాణం తీసే ఓల్టేజీ. ఆ పనిని అర్హతగల ఎలక్ట్రీషియన్‌కే అప్పగించండి. కెపాసిటర్ ఉన్న సింగిల్‌ఫేజు మోటారును ఇలాంటి డ్రైవ్‌తో నడిపే ప్రయత్నం చేయకపోవడమే మంచిది.

కొనేముందు పంపు కర్వ్, అంటే ఏ ఎత్తుకు ఎంత నీరు పోస్తుందో చూపే గీత, అడగండి. మీ ఎత్తు దగ్గర, మీకు కావలసిన నీటి దగ్గర ఆ గీత ఎక్కడ ఉందో వేలు పెట్టి చూపించలేని అమ్మకందారు దగ్గర కొనకండి. “గరిష్ఠంగా 60 మీటర్లు, గరిష్ఠంగా గంటకు 8,000 లీటర్లు” అని డబ్బా మీద ఉండే రెండు అంకెలు ఎన్నడూ ఒకేసారి రావు. ప్యానెళ్ల వెనక లేబుల్ మీద ఐఈసీ 61215, ఐఈసీ 61730 అనే రెండు ప్రమాణాలు ఉన్నాయో లేదో చూడండి. మొదటిది మన్నికకు, రెండోది భద్రతకు సంబంధించినది.

6. తొట్టిలోకా, నేరుగా పొలంలోకా?

తొట్టి ఉంటే మబ్బు పట్టినా, ఎండ తగ్గినా తడి ఆగదు. సాయంత్రం చల్లబడ్డాక నీరు పెట్టుకోవచ్చు. కనీసం ఒక రోజు నీరు పట్టేలా ఉండాలి, ఒకటిన్నర రోజులదైతే నయం. నేల మీద కట్టే గుంతకు ప్లాస్టిక్ షీటు పరిచినా సరిపోతుంది. ఎత్తు మీద పెట్టేవారు ఒక సంగతి మరవకూడదు: ప్రతి 1,000 లీటర్లూ ఒక టన్ను. 5,000 లీటర్ల తొట్టి కింద నిలిచే దిమ్మె 5 టన్నులు మోయాలి.

అయితే 3 మీటర్ల ఎత్తు తొట్టి ఇచ్చే పీడనం 0.3 బార్ మాత్రమే, మామూలు డ్రిప్ డ్రిప్పర్లు 1 బార్, అంటే 10 మీటర్ల నీటి ఎత్తు దగ్గర పనిచేయడానికి తయారైనవి. కనుక తొట్టితో డ్రిప్ వేసేవారు తక్కువ పీడనానికి తయారైన డ్రిప్పర్లు తీసుకుని, మొక్కల వరుసల వెంట పరిచే లేటరల్ పైపులు పొట్టిగా ఉంచి, పొలాన్ని చిన్న భాగాలుగా విడదీసి ఒకదాని తరువాత ఒకటి పారించాలి.

నేరుగా డ్రిప్‌కు కలిపితే తొట్టి ఖర్చు ఉండదు. కానీ డ్రిప్పర్లు, ఫిల్టరు, లేటరల్ రాపిడి కలిపి అయ్యే 15 మీటర్ల ఎత్తు, తొట్టికి లెక్కించిన 3 మీటర్ల స్థానంలో చేరుతుంది. మన లెక్క 35 నుంచి 47 మీటర్లకు పెరిగి, ప్యానెళ్లు 1,400 నుంచి దాదాపు 1,900 వాట్లకు చేరుతాయి. పీడనం ఎండను బట్టి మారుతుంది కనుక పీడనాన్ని తామే సరిచేసుకునే డ్రిప్పర్లు తప్పనిసరి. రెండు పద్ధతుల్లోనూ 120 మెష్, అంటే అంగుళానికి 120 కన్నాల జల్లెడ ఉన్న ఫిల్టరు పెట్టండి.

7. ప్యానెళ్లకు చోటు, దిక్కు, వాలు

ఉదయం 8 నుంచి సాయంత్రం 4 వరకు ఏ నీడా పడని చోటు వెతకండి. ఒక రోజంతా అక్కడ నిలబడి చూడడమే అసలైన పరీక్ష. చెట్టు నీడ ఋతువును బట్టి జరుగుతుంది కనుక చలికాలపు నీడ ఎంత పొడవుంటుందో కూడా ఊహించండి. ప్యానెల్ మూల మీద పడిన చిన్న నీడ ఆ మూలకే పరిమితం కాదు. లోపలి గడులు వరుసగా కలిపి ఉంటాయి కనుక ఆ వరుస మొత్తం కుంటుపడుతుంది.

ప్యానెళ్లు భూమధ్యరేఖ వైపు చూడాలి: ఉత్తరార్ధగోళంలో దక్షిణానికి, దక్షిణార్ధగోళంలో ఉత్తరానికి. దిక్సూచి చూపేది అయస్కాంత దిక్కు. అసలు దిక్కు కావాలంటే నిటారుగా ఒక కర్ర పాతి, దాని నీడ అతి పొట్టిగా ఉన్న క్షణంలో నేల మీద గీత గీయండి. అదే ఉత్తర దక్షిణ రేఖ. వాలు సుమారుగా మీ అక్షాంశమంత ఉంటే ఏడాది పొడుగునా పనికి వస్తుంది. నీటి అవసరం ఎండాకాలంలోనే ఎక్కువైతే వాలు ఓ 10, 15 డిగ్రీలు తగ్గించవచ్చు; భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నా 10 డిగ్రీల కన్నా తగ్గించకండి, వాన నీటికి దుమ్ము జారిపోవాలి. స్టాండు కాళ్లు కాంక్రీటు దిమ్మెలో నాటండి. వాలుగా నిలిచిన ప్యానెల్ గాలికి తెరచాపలాంటిది, మట్టిలో దిగ్గొట్టిన కాళ్లు మొదటి గాలివానకే లేస్తాయి.

8. ప్యానెళ్లు కలపడం

హెచ్చరిక: ప్యానెళ్లకు స్విచ్చి లేదు. ఎండ పడుతున్నంతసేపూ వాటి తీగల్లో ఓల్టేజీ ఉంటుంది. పని జరుగుతున్నంతసేపు ప్యానెళ్ల మీద మందపాటి గుడ్డ కప్పండి. మోటారు నడుస్తుండగా ప్యానెళ్ల తీగలను కలిపే ఎంసీ4 కనెక్టర్లను ఎన్నడూ ఊడదీయకండి. డీసీ నిప్పురవ్వ ఏసీ లాగా ఆరిపోదు, చేతులు కాలతాయి. బ్రేకరు మీద డీసీ అని స్పష్టంగా రాసి ఉండాలి, ఇంట్లో వాడే ఏసీ బ్రేకరు ఈ పనికి పనికిరాదు.

నాలుగు ప్యానెళ్లనూ సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్‌ను పక్కదాని మైనస్‌కు కలుపుతూ పోతే ఓల్టేజీలు కూడుతాయి. ఒక్కొక్కటి ఖాళీగా 47 ఓల్టులు చూపితే నాలుగూ కలిసి 188. చలికి ఓల్టేజీ పెరుగుతుందన్నది చాలామందికి తెలియదు: ప్రతి పది డిగ్రీల తగ్గుదలకూ సుమారు 3 శాతం. 5 డిగ్రీల చలి ఉదయాన ఇదే వరుస 199 ఓల్టులకు చేరుతుంది. కంట్రోలర్ గరిష్ఠం 200 అని ఉంటే మీరు అంచున నిలబడ్డట్టే. ఇంకొక ప్యానెల్ తగిలిస్తే చలి లేకున్నా ఓల్టేజీ ఆ హద్దు దాటి కంట్రోలర్ కాలిపోవచ్చు.

కేబుల్ విషయం. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో ప్యానెళ్ల నుంచి కంట్రోలర్‌కు 60 మీటర్ల దూరముంటే రానుపోను 120 మీటర్లు. సిరీస్‌లో 9 ఆంపియర్లు పారితే ఇందులో 5 ఓల్టుల లోపే పోతుంది, అంటే 3 శాతం. అవే ప్యానెళ్లను పారలల్‌లో, అంటే ప్లస్‌లన్నీ ఒకచోట, మైనస్‌లన్నీ ఒకచోట కలిపితే 36 ఆంపియర్లు పారాలి. నడుస్తున్నప్పుడు ప్యానెల్ ఇచ్చే 39 ఓల్టుల్లో దాదాపు 19 దారిలోనే పోతాయి. తక్కువ ఓల్టేజీ మోటారు ఎంచుకున్నవారు ప్యానెళ్లను బోరు పక్కనే పెట్టుకోవాలి.

కంట్రోలర్‌కు తగిలించే ముందు మల్టీమీటరుతో ప్లస్, మైనస్ సరిచూసి, ఓల్టేజీ రాసుకోండి. స్టాండును, కంట్రోలర్ పెట్టెను ఎర్తింగ్ కడ్డీకి కలపండి. పిడుగులు పడే ప్రాంతమైతే సర్జ్ రక్షణ పరికరం లేకుండా నడపకండి. కంట్రోలర్ పెట్టెను ప్యానెళ్ల నీడలో, గాలి ఆడే చోట బిగిస్తే వేడికి ఆగిపోదు.

9. మోటారు దించడం

పారుడు మట్టానికి కొన్ని మీటర్లు దిగువన, బోరు అడుగుకు కనీసం 3 మీటర్లు పైన మోటారు వేలాడాలి. అడుగుకు ఆనించి పెడితే ఇసుక, బురద లాగి చక్రాలు అరిగిపోతాయి. మోటారు బరువు తాడు మీద ఉండాలి. కేబుల్ పట్టుకుని దించినా, లాగినా జాయింటులోకి నీరు చేరి మోటారు పోతుంది. పంపు మీద నాన్‌రిటర్న్ వాల్వు ఏ వైపుకు తిరిగి ఉందో దించకముందే బాణం గుర్తు చూసి సరిచూడండి.

పెద్ద బావిలోనో కుంటలోనో సబ్‌మెర్సిబుల్ దించేవారు మోటారు చుట్టూ ఒక గొట్టం తొడగాలి. బోరులో నీరు మోటారును రాసుకుంటూ పైకి వెళ్లి దాన్ని చల్లబరుస్తుంది. విశాలమైన బావిలో ఆ ప్రవాహం ఉండదు, గొట్టం దాన్ని కలిగిస్తుంది. నీరు తగ్గితే ఆపే డ్రై రన్ రక్షణను, తొట్టి నిండితే ఆపే ఫ్లోట్ స్విచ్చిని కూడా ఇప్పుడే తగిలించండి. “ముందు నడిపి చూద్దాం, అవి తరువాత పెడదాం” అనుకున్న మోటార్లే ఎక్కువగా కాలిపోతుంటాయి.

10. మొదటిసారి నడిపి సరిచూడండి

మబ్బు లేని రోజున, ఎండ నడినెత్తికి వచ్చాక నడపండి. మొదటి పావుగంట నీరు మురికిగా రావచ్చు. దాన్ని తొట్టిలోకీ డ్రిప్‌లోకీ పోనివ్వకుండా బయటకు వదలండి. ఇసుక రావడం అరగంట దాటినా ఆగకపోతే మోటారును ఆపి, కొంచెం పైకి లాగండి.

నీరు తేటపడ్డాక డ్రమ్ముతో కొలవండి. మన లెక్క ప్రకారం నిండు ఎండలో 200 లీటర్లు సుమారు 165 సెకన్లలో నిండాలి. 180 పట్టినా కంగారు లేదు, ప్యానెళ్లు వేడెక్కి ఉంటాయి. 220 దాటితే వెతకాలి. వెతికే వరుస ఇది. త్రీఫేజు మోటారైతే ముందుగా తిరిగే దిశను అనుమానించండి: వెనక్కి తిరిగే పంపు కూడా కొంత నీరు పోస్తుంది కనుక మోసపోతాం, కరెంటు ఆపి, మోటారుకు వెళ్లే మూడు తీగల్లో ఏవైనా రెండింటిని తారుమారు చేసి, మళ్లీ కొలవండి, ఎక్కువ నీరు వచ్చిన దిశే సరైనది. తరువాత ప్యానెళ్ల వరుస ఓల్టేజీ చూడండి. నాలుగింటికి బదులు మూడింటి ఓల్టేజీయే కనిపిస్తే ఒక ప్యానెల్ వరుసలో కలవలేదు, లేదా చెడిపోయింది. ఓల్టేజీ సరిగానే ఉండి కరెంటు తక్కువగా ఉంటే నీడ, దుమ్ము, లేదా ఎండే తక్కువ. రెండూ బాగుండి నీరే తక్కువైతే నేల కింద పైపు జాయింటు కారుతుండవచ్చు, లేదా పారుడు మట్టం మీరు కొలిచిన దానికన్నా కిందికి దిగి ఉండవచ్చు. తాడు మళ్లీ దించి చూడండి.

ఒక్క మధ్యాహ్నపు కొలతతో ఆగకండి. ఉదయం నుంచి సాయంత్రం దాకా ప్రతి గంటకూ కొలిచి కూడితే రోజు మొత్తం 22,000 లీటర్లకు దగ్గరగా రావాలి. పైపుకు నీటి మీటరు బిగించినవారికి ఈ శ్రమ లేదు. ఆ రోజు అంకెలను, తేదీని, వరుస ఓల్టేజీని, కరెంటును, నీటిమట్టాన్ని పుస్తకం మొదటి పేజీలో రాయండి.

ఆ తరువాత చూసుకోవలసినవి

ప్యానెళ్లను తెల్లవారుజామునో పొద్దు గూకాకనో మెత్తటి గుడ్డతో, మంచి నీటితో తుడవండి. మధ్యాహ్నం కాగిపోతున్న అద్దం మీద చల్లటి బోరు నీరు కొడితే అద్దం చిట్లవచ్చు, ఉప్పు నీరైతే తెల్లటి మరకలు పడతాయి. వారానికొకసారి ఫిల్టరు కడగండి. కంట్రోలర్ పెట్టెలో బల్లులు, చీమలు గూళ్లు పెట్టడం నవ్వులాటగా అనిపించినా, చెడిపోయిన పెట్టెలను తెరిచినప్పుడు తరచూ కనిపించే దృశ్యం అదే. కేబుల్ వచ్చే రంధ్రాలను మూసేయండి.

నీటిమట్టాన్ని మాత్రం నెలకొకసారి కొలవండి. కరెంటు బిల్లు లేదు కాబట్టి సోలార్ మోటారును ఆపాలన్న ఆలోచనే రాదు, తొట్టి నిండినా పొలంలోకి వదులుతూనే ఉంటారు. పైరుకు అది మేలూ కాదు, బోరుకు అది మంచీ కాదు. తెల్లవారుజాము నిలకడ మట్టం కిందటి ఏడాది ఇదే నెలలో ఉన్నదానికన్నా దిగి ఉంటే కంట్రోలర్‌లో టైమర్ పెట్టి రోజుకు గంట, గంటన్నర తగ్గించండి. మరుసటి నెల మళ్లీ కొలిచి, మట్టం నిలబడితే ఆ సమయాన్నే ఖాయం చేసుకోండి. దిగుతూనే ఉంటే వచ్చే పంట కారుకు వేసే విస్తీర్ణాన్ని తగ్గించి, రెండో అంచె లెక్కను మళ్లీ మొదటి నుంచి వేయండి.